గనుల విధానంలో జీవవైవిధ్యానికి చోటు: పైమన్ను దృష్ట్యా ఒక పరిశీలన

సారాంశం: గనుల తవ్వకం వల్ల జీవవైవిధ్యానికి కలిగే నష్టం చాలావరకు ఖనిజం బయటపడక ముందే, పైమన్ను తొలగించే దశలోనే జరిగిపోతుంది. దేశంలో ఈ నష్టాన్ని అరికట్టే నియమాలకు కొదవ లేదు. అయితే అవి లీజు ప్రక్రియలో ఆలస్యంగా ప్రవేశిస్తున్నాయి. ఫలితాన్ని చెట్ల సంఖ్యతో కొలుస్తున్నాయి. వానకాలపు వృక్షజాలాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. కడప ముళ్లపొదల అడవులు, గోదావరి లోయ బొగ్గు క్షేత్రం, తూర్పు కనుమల బాక్సైట్ కొండలు, పశ్చిమ ఆస్ట్రేలియా జర్రా అడవుల అనుభవాల ఆధారంగా ఈ వ్యాసం గనుల పరిపాలనలో ఏ దశలో ఏ మార్పు అవసరమో చర్చిస్తుంది.

ముఖ్య పదాలు: పైమన్ను, బీజనిధి, గని మూసివేత ప్రణాళిక, గడ్డిభూములు, జీవవైవిధ్య యాజమాన్య కమిటీ

ఉపోద్ఘాతం

ఉపరితల గనిలో మొదట తవ్వి తీసేది ఖనిజాన్ని కాదు, మట్టిని. ఒక హెక్టారు నేలలో పై 15 సెంటీమీటర్ల పొర ఘనపరిమాణం 1,500 ఘనపు మీటర్లు. స్థూల సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 1.4 గ్రాములుగా తీసుకుంటే ఆ మట్టి బరువు 2,100 టన్నులు. సేంద్రియ కర్బనం 0.5 శాతం మాత్రమే ఉన్న మెట్ట నేలలో సైతం అందులో పదిన్నర టన్నుల కర్బనం నిల్వ ఉంటుంది. మొలకెత్తగల విత్తనాలలో అధిక భాగం, వేళ్లతో సహజీవనం చేసే శిలీంధ్రాలు, నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియా, వానపాములు, చెదలు, గడ్డిజాతుల దుంపవేళ్లు అన్నీ ఈ పలుచని పొరలోనివే. గనుల శాఖ దస్త్రాలలో ఇది ‘పైమన్ను’ అనే ఒక్క మాట. దాని ఎదుట కొన్ని ఘనపు మీటర్ల అంకె. జీవవైవిధ్య పరిరక్షణకు, గనుల విధానానికి మధ్య గల దూరం ఆ ఒక్క వరుసలోనే కనిపిస్తుంది.

నష్ట నియంత్రణకు అంతర్జాతీయంగా అంగీకరించిన క్రమం ఒకటుంది. మొదట నష్టాన్ని తప్పించాలి, తప్పనిచోట తగ్గించాలి, జరిగిన నష్టాన్ని అక్కడే పునరుద్ధరించాలి, అప్పటికీ మిగిలినదానికి మరోచోట పరిహారం చూపాలి. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన కున్మింగ్–మాంట్రియల్ ప్రపంచ జీవవైవిధ్య ఒప్పందం గనులతో సహా అన్ని రంగాల విధానాలలోనూ జీవవైవిధ్యాన్ని ఇమడ్చాలని కోరింది. క్రమం సరైనదే. ఆచరణలో మాత్రం అది తలకిందులై, నాలుగవ మెట్టు అయిన పరిహారం నుంచే లెక్క మొదలవుతోంది.

కనబడని జీవి, కనబడని ఋతువు

కడప జిల్లా ముళ్లపొదల అడవులలో ఉండే కలివికోడి ఇరవయ్యవ శతాబ్దంలో ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే భావించారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు స్థానిక పక్షి వేటగాళ్ల సాయంతో దానిని మళ్లీ కనుగొన్నారు. రాత్రిపూట సంచరించే పక్షి ఇది. కలివి, రేగు, తుమ్మ పొదలు మరీ దట్టంగా గాని, మరీ పలుచగా గాని లేకుండా, వాటి మధ్య ఖాళీ నేల ఉన్నచోటనే బతుకుతుంది. పగటిపూట జీపులో తిరిగి రాసుకున్న జాబితాలో ఇటువంటి జీవి చేరదు. దాని ఉనికిని పట్టుకోవడానికి పరిశోధకులు అడవిలో సన్నని మట్టితో పట్టీలు పరిచి, తెల్లవారిన తరువాత వాటిపై పడిన కాలిగుర్తులను పరీక్షించవలసి వచ్చింది.

రెవెన్యూ రికార్డులలో ఇటువంటి ముళ్లపొదల నేల తరచుగా బంజరుగానే నమోదవుతుంది. ముగ్గురాయి, సున్నపురాయి, నాపరాయి నిక్షేపాలలో చాలా భాగం రాయలసీమలోని ఇటువంటి నేలల కిందనే ఉన్నాయి. ‘బంజరు’ అనే మాట వినగానే అధికారికి అడ్డంకులు లేని స్థలం అనిపించడం సహజం. మేకల కాపరికి అది మేత, తేనె తీసేవారికి పూలు, కలివికోడికి మొత్తం ప్రపంచం.

2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద గనులకు జారీ చేసే ప్రామాణిక పరిశీలనాంశాలలో ప్రాథమిక సమాచారాన్ని ఒక ఋతువులో, అదీ వానకాలం కాని ఋతువులో సేకరించాలని ఉంటుంది. గాలిలోని ధూళిని కొలవడానికి ఈ ఏర్పాటు సబబే, ఎందుకంటే వానలో ధూళి అణగిపోతుంది. అదే కొలమానాన్ని మొక్కలకు, జంతువులకు వర్తింపజేయడంలోనే చిక్కంతా ఉంది. మెట్టప్రాంతపు గడ్డిజాతులు, ఏకవార్షిక పప్పుజాతి మొక్కలు, దుంపజాతులు తొలకరికి మొలిచి ఆశ్వయుజం నాటికి గింజ రాల్చుతాయి. కప్పలు, మిడతలు, నేలపై గూడు పెట్టే అనేక పక్షులు ఆ నెలలలోనే సంతానోత్పత్తి చేస్తాయి. మార్చి నుంచి మే వరకు చేసిన సర్వేలో ఆ నేలపై ఎండు దుబ్బులు, తుమ్మచెట్లు, నాలుగు ఉడుతలు కనబడతాయి. నివేదికలో ‘అరుదైన జాతులు లేవు’ అని రాస్తారు. రాసినవారు అబద్ధమాడలేదు, వారు వెళ్లిన వేళకు అక్కడ ఏమీ లేదు.

కాబట్టి మొదటి సవరణ ఖర్చుతో కూడినదేమీ కాదు. గాలి, నీరు, శబ్దాల పరిశీలన ఉన్నట్లే ఉండవచ్చు. వృక్ష, జంతుజాలాల పరిశీలనకు మాత్రం నైరుతి ఋతుపవన కాలాన్ని తప్పనిసరి చేయాలి. రాత్రి పరిశీలనను, మట్టిలోని బీజనిధి పరీక్షను జతచేయాలి. బీజనిధి పరీక్షకు కావలసినది మట్టి నమూనాలు, పలుచని తట్టలు, నీరు, మూడు నాలుగు నెలల ఓపిక. ఏ వ్యవసాయ పరిశోధనా స్థానమైనా దీనిని చేయగలదు.

సమాచారం సకాలంలో అందితే నిర్ణయం మారుతుందనడానికి కలివికోడి కథలోనే ఆధారం ఉంది. తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసంలోకి చొచ్చుకువచ్చినప్పుడు పరిశోధకులు అప్పటికే సేకరించి ఉంచిన స్థల సమాచారం వల్ల కాలువ మార్గాన్ని మార్చగలిగారు. ఆ సమాచారమే లేకపోతే మార్చమని అడిగేవారే ఉండరు.

వేలం తరువాత తలెత్తే ప్రశ్న

2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించిన తరువాత ప్రధాన ఖనిజాల లీజులు వేలం ద్వారా, 50 ఏళ్ల కాలానికి దక్కుతున్నాయి. కేటాయింపులలో పారదర్శకత పెరిగిందన్నది నిజం. అయితే క్రమం గమనించదగినది. ముందుగా బ్లాకు సరిహద్దులు గీస్తారు. తరువాత వేలం, ఆపై గని ప్రణాళిక, పర్యావరణ అనుమతి, అటవీ అనుమతి. జీవవైవిధ్యం గురించిన ప్రశ్న మొదటిసారి గట్టిగా వినిపించేది ఈ చివరి దశలలోనే. అప్పటికి కొనుగోలుదారు సొమ్ము చెల్లించి ఉంటాడు, రాష్ట్ర ఖజానా రాబడిని అంచనాలలో చేర్చుకుని ఉంటుంది. ఆ దశలో ‘వద్దు’ అనడం ఎంతో బరువైన మాట. అందుకే సాధారణంగా వచ్చే జవాబు ‘షరతులతో సరే’.

2019 జాతీయ ఖనిజ విధానం పర్యావరణపరంగా సున్నితమైన, జీవసంపద అధికంగా గల ప్రాంతాలలో గనుల తవ్వకం సాధారణంగా చేపట్టరాదని చెబుతుంది. మరీ సున్నితమైన ప్రాంతాలను నిషిద్ధ ప్రాంతాలుగా గుర్తించాలని కూడా సూచిస్తుంది. విధాన పత్రాలలో ‘సాధారణంగా’ అనే మాటకు ఉన్న సాగే గుణం రబ్బరుకు కూడా ఉండదు. నిషిద్ధ ప్రాంతాల పటం వేలానికి ముందే, ప్రజలకు అందుబాటులో ఉంటే తప్ప ఈ సూచన ఆచరణలోకి రాదు.

పటం లేనప్పుడు నిర్ణయం వీధిలోకి వస్తుంది. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయ సమ్మతి లభించడం, నల్లమలలో చెంచుల నుంచి నగరవాసుల వరకు ఆందోళన సాగడం, అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేయడం తెలిసిన విషయాలే. తూర్పు కనుమల బాక్సైట్ కథ మరింత పొడవైనది. అనుసూచిత ప్రాంతాలలో ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997 జులైలో సమత కేసులో తీర్పు చెప్పింది. ఆ తరువాత ప్రభుత్వ రంగ సంస్థల ద్వారా తవ్వకాలకు ప్రయత్నాలు జరిగాయి; 2015లో జెర్రెల కొండలలో అటవీ భూమి కేటాయింపు జరిగి, 2019లో రద్దయింది. సరిహద్దుకు అవతల నియమగిరిలో 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం నిర్వహించిన 12 గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. ఈ కొండల శిఖరాలపై పరచుకున్న బాక్సైట్ పొర వాననీటిని ఇంకించుకుని వేసవిలో కూడా వాగులకు అందిస్తుంది. ఆ వాగుల కిందనే వరి మడులు, కాఫీ తోటలు ఉన్నాయి. ఇటువంటి చోట ‘తప్పించడం’ అనే మొదటి మెట్టును దాటి మిగిలిన మూడింటి గురించి మాట్లాడడంలో వ్యవసాయ శాస్త్రం దృష్ట్యా అర్థం లేదు. శిఖరంపై పొరను తొలగించిన తరువాత అదే నీటి పద్ధతిని తిరిగి నిర్మించగల సాంకేతికత ఏదీ లేదు.

మట్టికుప్ప ఎత్తు

తవ్వకం అనివార్యమైన చోట రెండవ, మూడవ మెట్లు వర్తిస్తాయి. 2017 ఖనిజ పరిరక్షణ, అభివృద్ధి నియమావళి పైమన్నును వేరుగా తీయాలని, వెంటనే పునరుద్ధరణకు వాడాలని, వీలుకానప్పుడు వేరుగా నిల్వ చేయాలని నిర్దేశిస్తుంది. నియమంలోని మొదటి భాగం బంగారం వంటిది. ఆచరణలో అందరూ ఆశ్రయించేది చివరి భాగాన్ని, అంటే నిల్వను.

నిల్వ చేసిన మట్టికి ఏమవుతుందో నేల శాస్త్రానికి బాగా తెలుసు. ఎత్తైన కుప్పలో సుమారు మీటరు లోతు దాటాక గాలి ఆడదు. వానపాములు చనిపోతాయి, శిలీంధ్ర జాలాలు తెగిపోతాయి, అమ్మోనియం పేరుకుంటుంది. అటువంటి మట్టిని తిరిగి పరచినప్పుడు గాలి తగిలి ఒక్కసారిగా నైట్రేటుగా మారి, మొక్క అందుకునేలోగా వానతో కొట్టుకుపోతుంది. తడిలో మొలకెత్తి వెలుగు చేరని విత్తనాలు కుళ్లిపోతాయి. భారీ యంత్రాలు తిరిగిన చోట స్థూల సాంద్రత 1.7 దాటితే వేరు దిగడమే కష్టం. పదేళ్లు నిల్వ ఉన్న కుప్పను ‘పైమన్ను’ అనడం అలవాటు కొద్దీ అనడమే.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని జర్రా అడవులలో 1963 నుంచి బాక్సైట్ తవ్వుతున్నారు. తొలి దశాబ్దాలలో అక్కడ కూడా గుంతలు పూడ్చి పైన్, ఇతర ప్రాంతాల యూకలిప్టస్ మొక్కలు నాటారు. 1988 నుంచి స్థానిక జాతులకే పరిమితమయ్యారు. ఫలితాన్ని మార్చిన అంశాలలో ముఖ్యమైనది నర్సరీ కాదు, మట్టి రవాణా క్రమం. కొత్త గుంత కోసం తీసిన పై పొరను కుప్ప పోయకుండా, తవ్వకం ముగిసిన పక్క గుంతపై అదే ఋతువులో నేరుగా పరచడం మొదలుపెట్టారు. దానిలోని బీజనిధి నుంచే అనేక జాతులు తిరిగి మొలిచాయి. చెట్లు ఎన్ని అని కాక, పక్క అడవిలో ఉన్న జాతులలో ఎన్ని తిరిగి వచ్చాయి అన్నది లక్ష్యమైంది. అయినా దీనిని పూర్తి విజయంగా చెప్పడానికి వీలులేదు. దుంపల నుంచి చిగురించే జాతులు విత్తనం నుంచి సరిగా రాలేదు. తొర్రలలో గూడు కట్టే నల్ల కాకటూలకు వంద ఏళ్లు దాటిన మాను కావాలి. ఏ మూసివేత ప్రణాళికా అంతకాలం నిలిచి చూడదు.

ఆ పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోవడం కుదరదు. అక్కడి వాన చలికాలంలో నెమ్మదిగా కురుస్తుంది. ఇక్కడ జులైలో ఒక్క రోజు కురిసిన వాన కొత్తగా పరచిన మట్టిని వాగులో కలిపేయగలదు. వాలుకు అడ్డంగా గట్లు, జనుము వంటి త్వరగా కమ్ముకునే పైరు, ఏప్రిల్–మే నెలలలోనే పరచడం పూర్తిచేసే సమయపాలన అవసరం. గని ప్రణాళిక ఆమోదించే దశలోనే గుంతల వరుసను ఈ విధంగా నిర్ణయించాలి. కుప్ప పోయక తప్పనప్పుడు ఎత్తు మీటరుకు మించకూడదని, కాలం రెండు వానకాలాలకు మించకూడదని అంకెలతో షరతు పెట్టడం మేలు. ‘తగిన జాగ్రత్తతో’ అనే షరతును తనిఖీ చేయడం ఏ అధికారికీ సాధ్యం కాదు.

చెట్ల లెక్క, గడ్డి లెక్క

గోదావరి లోయలో 1920లో కంపెనీగా ఏర్పడిన సింగరేణి క్రమంగా భూగర్భ గనుల నుంచి ఉపరితల గనుల వైపు మళ్లింది. ఉపరితల గనితో పాటే మట్టిగుట్టలు పుట్టుకొస్తాయి. గుట్ట పదార్థంలో రాయి ఎక్కువ, సేంద్రియ కర్బనం, నత్రజని దాదాపు శూన్యం. ఇటువంటి గుట్టలపై బొగ్గు పరిశ్రమ అంతటా పరిపాటిగా నాటుతూ వచ్చినవి త్వరగా పెరిగే జాతులు. నీలగిరి, సుబాబుల్ వంటివి మూడేళ్లలో పచ్చదనం చూపుతాయి. ఉపగ్రహ చిత్రంలో చక్కగా కనిపిస్తాయి. వాటి నీడలో గడ్డి పలుచనవుతుంది, సందులలో లాంటానా, వయ్యారిభామ చేరతాయి. మంచిర్యాల, ఆసిఫాబాద్ ప్రాంతాలలో బొగ్గు క్షేత్రానికి చేరువలోనే కవ్వాల్ పులుల అభయారణ్యం, తడోబా వైపు సాగే వన్యప్రాణి మార్గం ఉన్నాయి. దుప్పి తినేది గడ్డిని, చిగురును. నీలగిరి ఆకును కాదు. దుప్పి లేనిచోట పులి నిలవదు.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక ఆదేశానికి దక్కవలసిన ప్రాచుర్యం దక్కలేదు. తవ్వకం ముగిసిన తరువాత లీజుదారులు ఆ నేలపై తిరిగి గడ్డిని పెంచాలని, పశువుల మేతకు, మొక్కలకు, జంతువులకు అనువైన స్థితికి నేలను తేవాలని, ఈ షరతును లీజులోనూ, పర్యావరణ అనుమతిలోనూ, గని ప్రణాళికలోనూ చేర్చాలని ఆ ఆదేశం చెబుతుంది. దీనిని అమలుచేయడానికి తగిన పరిజ్ఞానం వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో దశాబ్దాలుగా ఉంది. ఎర్ర చల్కా నేలలకు అంజన్ గడ్డి, తడి నిలిచే నల్లనేలకు చెంగలి గడ్డి, గట్లకు గరిక, వీటితో వెంపలి వంటి స్థానిక పప్పుజాతులు, తరువాతి విడతలో రేగు, మోదుగ, చండ్ర. లేనిది విత్తనం. స్థానిక గడ్డి విత్తనాన్ని టన్నులలో సరఫరా చేసే వ్యవస్థ రెండు రాష్ట్రాలలోనూ లేకపోవడంతో దొరికిన స్టైలోనే చల్లి ఊరుకునే ప్రమాదం ఉంది. గనుల పరిసర గ్రామాల మహిళా సంఘాలతో గడ్డి విత్తనం సేకరింపజేసి, మొలక శాతం పరీక్షించి కొనుగోలు చేసే ఒప్పందాన్ని లీజు తొలి ఏడాదిలోనే కుదుర్చుకోవచ్చు.

పరిహార వనీకరణలో కూడా ఇదే లోపం మరో రూపంలో ఉంది. 2016 పరిహార వనీకరణ నిధి చట్టం సొమ్ముకు లెక్క చెప్పే ఏర్పాటు చేసింది. అడవి పోయినందుకు నాటే మొక్కలు సహజమైన గడ్డిభూమిపైనో, ముళ్లపొదల నేలపైనో నాటితే ఒక ఆవాసం గనిలో, మరొకటి తోటలో పోయినట్లే. నంద్యాల జిల్లా రోళ్లపాడు వంటి గడ్డిభూములలో చెట్టు నాటడం పరిరక్షణ కాదు.

చిన్న గనులు

పెద్ద గనిపై అందరి కన్నూ ఉంటుంది. బేతంచెర్ల, తాడిపత్రి, తాండూరు పరిసరాలలో నాపరాయి తీసే చిన్న లీజులు ఒక్కొక్కటిగా చూస్తే స్వల్పం; పక్కపక్కన చేరితే ఊరి పొలిమేరనే మార్చేస్తాయి. 5 హెక్టార్లలోపు లీజులకు కూడా పర్యావరణ అనుమతి అవసరమని 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 నుంచి 500 మీటర్ల పరిధిలోని లీజులను ఒక సమూహంగా చూడాలన్న నియమం వచ్చింది. జీవవైవిధ్య ప్రణాళికను కూడా సమూహం మొత్తానికి ఒక్కటిగా రూపొందిస్తేనే ప్రయోజనం. రెండెకరాల లీజుదారు పక్షి శాస్త్రవేత్తను తెచ్చుకోలేడు. నలభైమంది కలిస్తే తెచ్చుకోగలరు.

హామీ సొమ్ము, సాక్ష్యం చెప్పేవారు

గని మూసివేతకు లీజుదారు చూపవలసిన ఆర్థిక హామీని 2021లో ‘ఎ’ తరగతి గనులకు హెక్టారుకు 3 లక్షల నుంచి 5 లక్షలకు, ‘బి’ తరగతికి 2 లక్షల నుంచి 3 లక్షలకు పెంచారు. పైన లెక్కించిన 2,100 టన్నుల పైమన్నుతో భాగిస్తే ‘ఎ’ తరగతిలో టన్నుకు 240 రూపాయలలోపు. ఆ ధరకు పశువుల ఎరువు కూడా దొరకదు. హామీ మొత్తాన్ని నేల నాణ్యతతో ముడిపెట్టి, తిరిగి చెల్లింపును విడతలుగా జరపాలి. గుంత పూడ్చినందుకు కొంత, సేంద్రియ కర్బనం పక్క నేల స్థాయిలో నిర్ణీత భాగానికి చేరినందుకు కొంత, స్థానిక జాతులు తిరిగి వచ్చినందుకు మిగిలినది.

జిల్లా ఖనిజ నిధి 2015 నుంచి పనిచేస్తోంది. వేలానికి ముందరి లీజుల నుంచి రాయల్టీలో 30 శాతం, వేలంలో దక్కిన లీజుల నుంచి 10 శాతం దీనిలో జమవుతాయి. పర్యావరణ పరిరక్షణ ఈ నిధి ప్రాధాన్యతలలో ఒకటి. రోడ్లకు, భవనాలకు సొమ్ము త్వరగా ఖర్చవుతుంది, శిలాఫలకం కూడా నిలుస్తుంది. గడ్డి విత్తనానికి శిలాఫలకం వేయరు. లీజుదారు చేయవలసిన పునరుద్ధరణను ఈ నిధితో చేయించడం మాత్రం తగదు. ఆ సొమ్ము బాధిత గ్రామాలది.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలోనూ ఒక యాజమాన్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య పట్టిక ఉండాలి. చాలాచోట్ల ఆ పట్టిక బీరువాలో ఉంది. పర్యావరణ అనుమతి దరఖాస్తుతో పాటు సంబంధిత గ్రామాల పట్టికను జతచేయాలని, ప్రభావ నివేదికలోని జాతుల జాబితా పట్టికతో సరిపోలనప్పుడు సలహా సంస్థ లిఖితపూర్వకంగా కారణం చెప్పాలని ఒక్క నియమం చేర్చితే చాలు, రెండు పత్రాలూ మెరుగుపడతాయి. కలివికోడిని తిరిగి కనుగొనడంలో దారి చూపినది స్థానికుల పరిచయమే.

మూసివేత తరువాతి తనిఖీ ప్రస్తుతం ప్రధానంగా గనుల ఇంజనీర్ల చేతిలో ఉంది. వాలు కోణం, గట్టు స్థిరత్వం వారు చక్కగా చూడగలరు. మట్టి పరీక్షను, గడ్డి దిగుబడిని, జాతుల లెక్కను సమీప కృషి విజ్ఞాన కేంద్రానికి అప్పగించవచ్చు. మొదటి, మూడవ, అయిదవ, పదవ వానకాలాలలో, సెప్టెంబరు రెండవ పక్షంలో, గని నేలలోనూ పక్కనున్న చెక్కుచెదరని నేలలోనూ ఒకేసారి చదరపు మీటరు చట్రాలు వేసి జాతులను లెక్కించాలి. నమూనా స్థలాలను గని ప్రణాళిక ఆమోదం నాడే ఎంపికచేసి పటంలో గుర్తించాలి. మూసివేత నాటికి ఆ పక్క నేల కూడా మిగిలి ఉండేలా దానిని లీజు విస్తీర్ణం నుంచి మినహాయించాలి.